చీటిగుడ్డ గౌను పుట్టుపూర్వోత్తరాలు: ఒక దుస్తుల సేకరణలో జరిపిన పరిశోధన

ఇంగ్లండులోని ఒక చిన్న మ్యూజియం దుస్తుల సేకరణలో ఉన్న ఒకే ఒక్క గౌను ఈ కేసుకు విషయం. కేటలాగులో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం: "ఇంగ్లీషు అచ్చు నూలు గౌను, 1785, పెళ్లి నాటిది." కొత్త ప్రదర్శనకు గౌనును సిద్ధం చేస్తున్న సందర్భంలో, పక్కన పెట్టే వివరణలో ఏం రాయాలో తేల్చే పని నాకు అప్పగించారు. కొన్ని నెలల తర్వాత ఆ పని ముగిసేసరికి కేటలాగు వాక్యంలో నిలబడినవి "నూలు", "గౌను" అన్న రెండు మాటలే. బట్ట ఇంగ్లీషుది కాదు, అచ్చు వేసినది కాదు, 1785 అన్న సంవత్సరం ఆ గౌను బతుకులో ఒక మజిలీకి మాత్రమే దగ్గరగా వస్తుంది, పెళ్లికి ఆధారమే లేదు. ఆ మాటలు ఒక్కొక్కటీ ఎలా రాలిపోయాయో, వాటి స్థానంలో ఏం రాయగలిగామో వివరంగా నమోదు చేయడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఏ దుస్తునైనా పరిశీలించేటప్పుడు మొదటి రోజు ఫైలు తెరవకుండా, వస్తువును మాత్రమే చూసి ఒక నోటు రాసుకోవడం నా అలవాటు. ఫైలు ముందే చదివితే కన్ను అందులో రాసినదాన్నే వెతుక్కుంటుంది. ఈ గౌను గురించి ఆ రోజు నేను రాసుకున్నది ఇది: పైభాగం ముందువైపు మధ్యలో కలుస్తుంది, వెనక సన్నని కుచ్చిళ్ళు కుట్టుతో అణిగి నడుము దాకా దిగుతాయి, చేతులు మోచేతి కిందికి వస్తాయి, తెల్లటి నేల మీద ఎరుపు, ఊదా పూలు, నీలి ఆకుల తీగలు, నమూనా మళ్ళీ మళ్ళీ అదే వస్తోంది కాబట్టి అచ్చు పని, కాలం 1780లు. అంటే చాలావరకు కేటలాగుతో ఏకీభవించాను. ఆ నోటులో రెండు పెద్ద పొరపాట్లు ఉన్నాయి. అవి ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవడానికి మొదట ఫైలు, తర్వాత బట్ట, చివరికి కుట్లు చదవవలసి వచ్చింది.

కాగితాలు చెప్పినది

ఫైలులో మూడు కాగితాలు, ఒక కవరు ఉన్నాయి. మొదటిది 1930లలో దాత రాసిన ఉత్తరం. అందులో "మా నాయనమ్మకు నాయనమ్మది అని ఇంట్లో చెప్పుకునే పాత గౌను" అని మాత్రమే ఉంది. రెండవది అదే ఏడాది రిజిస్టరు ఎంట్రీకి నకలు. అందులో "18వ శతాబ్దపు గౌను, దాత పూర్వీకురాలిది" అని ఉంది. మూడవది 1960లలో టైపు చేసిన ఇండెక్సు కార్డు. "1785", "పెళ్లి", "ఇంగ్లీషు అచ్చు" అన్న మూడు మాటలూ ఆ కార్డులోనే మొదటిసారి కనబడ్డాయి. కేటలాగును కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఉత్తరాన్ని, రిజిస్టరును ఎవరూ చూడలేదు, కార్డునే దించుకున్నారు.

కార్డు రాసినవారు ఊహించి రాయలేదు, శ్రద్ధగా వెతికే రాశారు. దాత చెప్పిన వంశక్రమాన్ని పట్టుకుని చర్చి వివాహ రిజిస్టరు చూశారు. ఆ పూర్వీకురాలి పెళ్లి నిజంగానే 1785లో జరిగింది. 1753 నాటి వివాహ చట్టం తర్వాత ఇంగ్లండు చర్చిల్లో వధూవరులు సంతకాలు చేసే పద్ధతి స్థిరపడింది కాబట్టి ఆమె సంతకం కూడా ఆ పుటలో కనబడుతుంది. పెళ్లి తేదీ నిజమే, గౌను పాతదన్న మాటా నిజమే. రెండు నిజాలను పక్కపక్కన పెట్టేసరికి వాటి మధ్య లేని బంధం పుట్టుకొచ్చింది. పైగా 18వ శతాబ్దంలో పెళ్లి కోసం ప్రత్యేకంగా ఒక తెల్లని గౌను కుట్టించుకునే ఆచారం స్థిరపడలేదు. ఉన్నవాటిలో మంచిదాన్ని, ఏ రంగుదైనా సరే, ధరించి ఆ తర్వాత కూడా వాడుకునేవారు. 1840లో విక్టోరియా రాణి తన పెళ్లికి తెలుపు ధరించిన తర్వాతే ఆ రంగు ఒక రివాజుగా బలపడింది. కనుక ఒక 18వ శతాబ్దపు గౌనును పెళ్లి గౌను అనాలంటే ఉత్తరమో, డైరీయో, ఆ రోజు వేసిన చిత్రమో ఉండాలి. ఇక్కడ అలాంటిదేదీ లేదు.

కవరులో ఒక స్టూడియో ఫోటో ఉంది. దాని సంగతి కుట్ల దగ్గర చెబుతాను.

బట్ట చెప్పినది

దుస్తుల మ్యూజియాల్లో వెలుతురు 50 లక్సులు (లక్సు వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. ఆ మసక వెలుగులో ఈ గౌను పూలు అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినట్టు కనబడతాయి, నా మొదటి నోటులోని పొరపాటుకు అదీ ఒక కారణం. పరిశీలన బల్ల మీద తక్కువ సేపు వెలుగు పెంచి, ఒకే ఆకును పది చోట్ల భూతద్దం కింద ఫోటో తీసి, ఆ ఫోటోలను పక్కపక్కన పేర్చాను. ఆకు పొడవు, వంపు అన్నిటిలోనూ ఒకటే. కానీ ఈనెల లెక్క కుదరలేదు: ఒక ఆకులో ఏడు ఉంటే మరొక ఆకులో తొమ్మిది ఉన్నాయి, ఇంకొక దానిలో ఒక ఈనె సగంలో ఆగిపోయింది. చెక్క అచ్చు ఎన్నిసార్లు వేసినా ఒక ఈనెను చేర్చదు, తీసేయదు. పైగా యూరపు అచ్చుపనిలో ఒక అచ్చు పక్కన మరొక అచ్చును సరిగ్గా కూర్చోబెట్టడానికి మూలల్లో గుచ్చిన సన్నని సూదుల చుక్కలు తరచుగా మిగులుతాయి. ఇక్కడ ఒక్క చుక్క కూడా దొరకలేదు.

మరి నమూనా మళ్ళీ మళ్ళీ అదే ఎందుకు వస్తోంది? మన దేశపు ఆగ్నేయ తీరమైన కోరమాండల్‌లో కలంపని (కలంకారీ) చేసేవారు కాగితం మీద గీసిన బొమ్మ గీతల వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, పైన బొగ్గు పొడి అద్దేవారు. కాగితం ఎత్తితే బట్ట మీద నల్లని చుక్కల జాడ మిగులుతుంది. ఆ జాడ వెంట కలంతో గీసేవారు. ఒకే కాగితాన్ని ఎన్నిసార్లైనా వాడవచ్చు కనుక ఆకారం మారదు, గీసేది చెయ్యి కనుక గీత మారుతుంది. నమూనా తిరిగి వచ్చినంత మాత్రాన అది అచ్చు పని అనుకోకూడదని ఆ పది ఫోటోలూ నాకు నేర్పాయి.

కలం జాడ గీతలోనే ఉంది. వెదురు పుల్ల మొన చెక్కి, దాని మీద ఉన్ని చుట్టి, ఆ ఉన్నిని రంగులో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. శ్రీకాళహస్తిలో ఈనాటికీ ఇలాగే గీస్తారు. వేలు నొక్కిన చోట గీత ఒక్క వెంట్రుకవాసి లావెక్కి, చెయ్యి వేగం అందుకున్న చోట సన్నబడుతుంది. ఈ గౌను తీగల నల్లని అంచుగీతల్లో ఆ లావు, ఆ సన్నం భూతద్దం కింద శ్వాసలా కనబడ్డాయి. పూల ఎరుపు మధ్యలో దారం కన్నా సన్నని తెల్ల గీతలు ఉన్నాయి. అవి తర్వాత పూసిన తెలుపు కాదు, ముందే కరిగించిన మైనంతో గీసి, రంగు అంటకుండా కాపాడిన బట్ట తెలుపు. నీలి ఆకుల అంచుల్లో మాత్రం దీనికి విరుద్ధంగా, తెల్లగా ఉండవలసిన చోట నీలి నెరియలు కొన్ని పాకాయి. బట్టనంతా మైనంతో కప్పి, నీలం కావలసిన చోట మాత్రం వదిలి, నీలిమందు తొట్టిలో ముంచినప్పుడు, మైనం పగిలిన చోటల్లా నీలం లోపలికి దిగుతుంది. అదే కాలంలో ఇంగ్లండు అద్దకందారులు నీలాన్ని ఎక్కువగా కుంచెతో పూసేవారు, లేదా అచ్చుతో అద్దేవారు. ఆ పద్ధతుల్లో ఇలాంటి మైనం నెరియలకు చోటు లేదు.

ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపిన దృశ్యం ఒక కుట్టు లోపల కనబడింది. గౌను పైన ఆకులన్నీ నీలిరంగువే. మొదటి నోటులో నేనూ "నీలి ఆకులు" అనే రాశాను. కుడి పక్క కుట్టు లోపల వదిలిన గుడ్డ ఒక చోట వేలెడు వెడల్పున విచ్చుకుని ఉంది. సన్నని దీపం అక్కడికి చూపించి చూస్తే, ఆ మడతలోకి వెళ్లిపోయిన అర ఆకు పచ్చగా ఉంది. నిన్నగాక మొన్న గీసినంత పచ్చగా ఉంది. కలంపనిలో ఆకుపచ్చకు విడి రంగు లేదు. నీలం మీద చివరగా పసుపు పూస్తే పచ్చ అవుతుంది. ఆ పసుపు వెలుతురుకు, ఉతుకుకు నిలవదు. పైన ఉన్న ఆకుల పసుపు రెండు వందల ఏళ్లకు పైగా ఎండకూ నీళ్లకూ పోయి కింది నీలం మిగిలింది. కుట్టు లోపల చీకట్లో దాగిన అర ఆకు మాత్రం గీసినవాడు చూసిన రంగులోనే ఉండిపోయింది. ఆ మడతలోనే బట్ట పైమెరుపు కూడా మిగిలి ఉంది. గంజి పెట్టి, గట్టిగా రుద్ది నునుపు చేయడం వల్ల వచ్చే ఆ మెరుపు బయటివైపు ఎక్కడా లేదు, అంటే గౌనును కనీసం కొన్నిసార్లు ఉతికారు.

ఇక పోగుల సంగతి. సూక్ష్మదర్శిని కింద పడుగు, పేక రెండూ నూలే అని తేలింది. అప్పటి ఇంగ్లండులో ఇది చిన్న విషయం కాదు. అక్కడ చాలాకాలం పడుగుకు తగినంత గట్టి నూలు వడకలేక, అవిసెనార పడుగు, నూలు పేక కలిపి నేసేవారు. అద్దిన నూలు బట్ట మీద అప్పటికే నిషేధం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. 1736 నాటి చట్టం అలాంటి కలనేత బట్టకే అద్దకం అనుమతి ఇచ్చింది. ఆర్క్‌రైట్ అనే ఇంగ్లీషు ఆవిష్కర్త 1769లో పేటెంటు పొందిన, నీటితో నడిచే వడుకు మరతో పడుగుకు ఆగే నూలు వచ్చింది. 1774లో బ్రిటన్‌లో నేసిన పూర్తి నూలు బట్టకు అద్దకం అనుమతిస్తూ చట్టం చేసినప్పుడు, అది దేశీయమైనదని గుర్తు పట్టేందుకు నేత అంచుల్లో మూడు నీలి పోగులు ఉండాలని నియమం పెట్టారు. ఆ నియమం 1811 వరకు నడిచింది. గౌను కింది భాగంలో నాలుగు కుట్ల లోపల బట్ట నేత అంచు పూర్తిగా మిగిలి ఉంది. నాలుగింటిలోనూ నీలి పోగు లేదు. లేకపోవడం ఒక్కటే దేనికీ రుజువు కాదు, కానీ కలం గీత, మైనం నెరియ చెప్పినదానికి ఇది ఎదురు చెప్పలేదు.

చివరగా, లోపలి మడత నుంచి మూడు మిల్లీమీటర్ల ఎర్ర పోగు ఒకటి తీసి ప్రయోగశాలకు పంపాము. యూరపు అద్దకందారులు ఎరుపుకు వాడిన మంజిష్ఠ జాతి వేరులో అలిజరిన్ అనే ఎర్ర రంగు పదార్థంతో పాటు పర్‌ప్యూరిన్ అనే మరొకటి కూడా ఉంటుంది. మన తీరంలో వాడిన చిరివేరులో అలిజరినే ప్రధానం, పర్‌ప్యూరిన్ దాదాపు కనబడదు. వచ్చిన నివేదికలో అలిజరిన్ స్పష్టంగా ఉంది, పర్‌ప్యూరిన్ లేదు. కరక్కాయ, గేదె పాలలో నానబెట్టిన బట్ట మీద పటిక నీళ్లతో గీసి, చిరివేరు కషాయంలో ఉడికిస్తే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. కరక్కాయ వగరు ఇనుము ద్రావణంతో కలిసి నలుపు ఇస్తుంది, పాల కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. పటిక కిటుకును యూరపు అద్దకందారులు మన దేశపు బట్టలను చూసే బాగా వంటబట్టించుకున్నారు, అందుకే పై రంగు చూసి ఇది ఎక్కడిదో చెప్పబోతే మోసపోతాము.

ఇంత సాక్ష్యం ఒకే వైపు చూపించాక బట్ట గురించి అనుమానం మిగలలేదు. ఇది కోరమాండల్ తీరంలో కలంతో గీసిన చీటిగుడ్డ, అంటే ఇంగ్లీషువారు చింట్జ్ అన్న రంగుల పూల నూలు బట్ట.

కుట్లు చెప్పినది

బట్ట ఎక్కడిదో తెలిసినంత మాత్రాన గౌను ఎక్కడిదో తెలియదు. 18వ శతాబ్దపు యూరపులో గౌను ఖర్చులో సింహభాగం బట్టదే, కుట్టుకూలి చాలా తక్కువ. అందుకని గౌనును విప్పి, కొత్త తీరుకు మళ్ళీ కుట్టించుకోవడం సంపన్నుల ఇళ్లలో కూడా మామూలే. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న బార్బరా జాన్సన్ ఆల్బమ్‌లో 1746 నుంచి 1823 దాకా ఒక మహిళ తన దుస్తుల గుడ్డముక్కలను అంటించి, పక్కన ఎన్ని గజాలు పట్టిందో, ఎంత అయిందో రాసుకుంది. ఆ పుటలు తిరగేస్తే ఆ కాలపు స్త్రీలు గుడ్డను ఎంత లెక్కగా చూసుకున్నారో అర్థమవుతుంది. విప్పిన కుట్టు తన సూది రంధ్రాలను బట్టలోనే వదిలి వెళ్తుంది. దుస్తుల పరిశోధనలో నేను అన్నిటికన్నా నమ్మేది ఆ ఖాళీ రంధ్రాలనే. నమూనా అభిరుచిని బట్టి కాలం అంచనా వేయడం కన్నా అవి ఎంతో దృఢమైన సాక్ష్యం.

ఏ కుట్టూ విప్పకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. గౌను కింద పలచని కాంతి ఫలకాన్ని జరిపి, పైనుంచి భాగం భాగంగా ఫోటోలు తీసి, ప్రతి కుట్టునూ, ప్రతి ఖాళీ రంధ్రాల వరుసనూ గళ్ల కాగితం మీద సరిగ్గా కొలత ప్రకారం గీశాను. మిగిలి ఉన్న పాత దుస్తులను ఇలా కొలిచి, కత్తిరింపు గీసే పద్ధతికి 1960లలో దుస్తుల చరిత్రకారిణి జానెట్ ఆర్నాల్డ్ చేసిన కృషి బాట వేసింది. ఆ గీత పూర్తవడానికి పదకొండు రోజులు పట్టింది. పూర్తయ్యాక చూస్తే, ఒకే గౌనులో మూడు కాలాల్లో కుట్టిన మూడు చేతుల పని కనబడింది.

మొదటి చెయ్యి వెనక భాగానిది. మెడ నుంచి నడుము దాకా కుచ్చిళ్ళు అణిగి, అక్కడ తెగకుండా కింది ఘేరాలోకి సాగిపోయే కత్తిరింపు అది. 1780లలో అయితే పైభాగాన్ని, కింది భాగాన్ని విడివిడిగా కోసి నడుము దగ్గర కలపడం వాడుకలోకి వచ్చింది. అవిసెనార దారంతో వేసిన చిన్న చిన్న కుట్లు, అవిసె గుడ్డ లైనింగు ఈ తొలి కుట్టుకు చెందినవే. ముందువైపు భుజం నుంచి కిందికి దిగే రెండు నిలువు పట్టీల మేర బట్ట రంగు చుట్టుపక్కల కన్నా ముదురుగా ఉంది. అంటే అక్కడ ఒకప్పుడు మడతపట్టీలు ఉండేవి, వాటి కింది బట్టకు ఎండ తగలలేదు. ఆ పట్టీలున్న గౌను ముందువైపు తెరుచుకుని ఉంటుంది, మధ్యలో త్రికోణాకారపు గుడ్డను గుండుసూదులతో పట్టించేవారు.

రెండవ చెయ్యి ఆ తెరుపును మూసింది. పట్టీలు విప్పి, రెండు వైపులా అదే చీటిగుడ్డ ముక్కలు అతికి, పైభాగం మధ్యలో కలిసేలా చేశారు. నా మొదటి నోటును తప్పుదోవ పట్టించింది ఈ మార్పే: ముందు మూసి ఉంది కాబట్టి 1780లు అన్నాను, వెనక భాగం అంతకుముందు తీరులో ఉందన్న సంగతిని కన్ను దాటేసింది. అతికిన ముక్కలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు జవాబు ఎడమవైపు ముక్కలోనే దొరికింది. దాని పై అంచు దగ్గర సూది రంధ్రాలు నిటారుగా కాక, నెలవంకలా వంపు తిరిగి, చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. గుడ్డను కుచ్చుగా లాగడానికి వేసిన దారం విప్పితే మిగిలే రంధ్రాలు అలాగే ఉంటాయి. దాన్ని కాగితంలో కోసి, ఆ వరుస వెంట కుచ్చులు పెట్టి చూస్తే మోచేతి దగ్గర వేలాడే జాలరు తయారైంది. ఒక పక్క పొట్టిగా, మోచేతి వెనక పొడుగ్గా దిగే ఆ జాలర్లు 1750లు, 1760లలో బాగా వాడుకలో ఉన్నవి. అంటే తొలి గౌను చేతులకు జాలర్లు ఉండేవి. ఆ వాడుక పోయాక ఒక జాలరు గౌను ముందు ముక్క అయింది, చేతులను మోచేతి కిందికి సాగదీసిన అతుకు కూడా బహుశా రెండవ జాలరుదే. ఒక స్త్రీ, లేదా ఆమెకు కుట్టిపెట్టిన మనిషి, చారెడు గుడ్డను కూడా పారేయకుండా ఎంత ఆలోచించి సర్దిందో ఆ ముక్కలో చదవవచ్చు.

మూడవ చెయ్యిని గుర్తించడం తేలిక. నడుము పక్క కుట్లు రెండూ మిషను కుట్లు, దారం నూలుది. కుట్టుమిషను పేటెంటు ఎలియస్ హౌకు 1846లో, సింగర్‌కు 1851లో వచ్చింది. అంతకుముందు ఆ కుట్టు ఉండే వీలు లేదు. ముందు తెరుపుకు లోహపు హుక్కులు వేశారు. 18వ శతాబ్దంలో ఆ చోట గుండుసూదులే వాడుక. ఇక్కడ ఫైలులోని ఫోటో పనికొచ్చింది. ఈ గౌనునే ధరించిన ఒక యువతి స్టూడియోలో నిలబడింది. జుట్టుకు పాతకాలపు తీరులో తెల్ల పౌడరు పట్టించుకుంది, కానీ నుదుటి మీద ఉంగరాలు తిప్పిన ముంగురులు 1880ల వాడుకవి, గౌను కింద ఆమె బిగించుకున్న కార్సెట్టు ఇచ్చిన నడుమూ ఆ కాలానిదే. ముత్తాతల కాలపు దుస్తులు తొడుక్కుని వేషాల విందులకు వెళ్లడం అప్పటి సరదా. నడుము కుట్లను లోపలికి తీసుకున్నది ఆ కార్సెట్టు కోసమే.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఒక దుస్తులో అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన భాగం ఏదో అది "ఇంతకన్నా ముందు కాదు" అని చెప్పగలదు, కానీ ఆ మాట ఆ కుట్టుకే వర్తిస్తుంది, మొత్తం దుస్తుకు కాదు. మిషను కుట్టు కనబడగానే గౌనునంతా 19వ శతాబ్దపు నకలుగా తీసిపారేసిన సందర్భాలు నేను మరికొన్ని సేకరణల్లో చూశాను.

నిషేధం నీడలో

తొలి కుట్టు 1750లు, 1760లదైతే, ఆ బట్టను ఇంగ్లండులో ధరించడం అప్పటికి చట్టవిరుద్ధం. మన చీటిగుడ్డల మీద మోజు పెరిగి పట్టు, ఉన్ని నేతగాళ్ల బతుకులు దెబ్బతింటున్నాయన్న ఆందోళనతో పార్లమెంటు 1700లో రంగు వేసిన, అద్దిన బట్టల దిగుమతిని, తిరిగి ఎగుమతి చేసే సరుకు మినహా, ఆపింది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో చీటిగుడ్డ కట్టిన స్త్రీల మీద పడి దుస్తులు చింపారు. 1721లో చేసిన చట్టంతో ధరించడమే నేరమైంది, పట్టుబడితే 5 పౌన్ల జరిమానా. ఫ్రాన్సులో ఇలాంటి నిషేధమే 1686 నుంచి 1759 దాకా నడిచింది. హాలండు మాత్రం నిషేధించలేదు, అందుకే ఈనాడు డచ్చి సేకరణల్లో ఈ తీరు గౌన్లు, జాకెట్లు అంత ఎక్కువగా కనబడతాయి. ఎగుమతి పేరుతో లండన్ గోదాముల నుంచి హాలండుకు వెళ్లిన సరుకు దొంగదారిన మళ్ళీ ఇంగ్లండు చేరేది.

1960ల కార్డు రాసిన వ్యక్తి "ఇంగ్లీషు" అని ఎందుకు రాశారో ఇప్పుడు ఊహించవచ్చు: 1785 అనుకున్నాక, 1774 చట్టం తర్వాత ఇంగ్లీషు అద్దకం జోరందుకున్న కాలం కాబట్టి, ఆ మాట సహజంగా కలం చివరికి వచ్చింది. తప్పు సంవత్సరం తప్పు దేశాన్ని వెంట తెచ్చుకుంది.

ఊరి పేరు రాయకపోవడం గురించి

ప్రయోగశాల నివేదిక వచ్చిన రోజు కేటలాగు ముసాయిదాలో నేను "మచిలీపట్నం" అని రాశాను. ఆ మాట రాసేటప్పుడు నా చెయ్యి ఎంత తేలికగా కదిలిందో నాకు గుర్తుంది. 1611లోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకశాల తెరిచింది, డచ్చివారు అంతకన్నా ముందే వచ్చారు. కృష్ణా డెల్టా ఇసుకనేలల చిరివేరు ఎరుపుకు పేరు మోసింది. తెలుగు చేతి గీతను ఎక్కడో దూరదేశపు అట్టపెట్టెలో, "ఇంగ్లీషు" అన్న చీటీ కింద చూసినప్పుడు దాని ఊరు దానికి తిరిగి ఇవ్వాలనిపించడం సహజం.

మరునాడు ఆ మాట కొట్టేశాను. చిరివేరు, మైనం, కలం ఆ తీరం పొడవునా ఉన్నాయి: నిజాంపట్నం, పులికాట్, మద్రాసు, సద్రాస్, నాగపట్నం రేవుల నుంచి కూడా ఇలాంటి బట్ట ఓడలెక్కింది. నా దగ్గరున్న సాక్ష్యం తీరం దాకా తీసుకువెళ్తుంది, ఊరి దాకా కాదు. కార్డు రాసినవారు గౌనును దాత పూర్వీకురాలి పెళ్లికి ముడిపెట్టారు. నేను దాన్ని నా వాళ్ల ఊరికి ముడిపెట్టబోయాను. ఆ రెండు కోరికలకూ నా మనసులో తేడా ఉండవచ్చు, సాక్ష్యం ముందు మాత్రం లేదు. ఈ కేసులో నేను అన్నిటికన్నా కష్టపడి తీసుకున్న నిర్ణయం ఇదే, సరైనదని అనుకుంటున్నదీ ఇదే.

గీసిన మనిషి పేరు మనకు చేరలేదు. కాగితం, కలం అతని చేతిలోనివే అయినా నమూనా పూర్తిగా అతనిది కాదని కూడా చెప్పాలి. కంపెనీ డైరెక్టర్లు 1643లోనే ముదురు ఎరుపు నేల వద్దు, తెల్లటి నేల మీద రంగుల కొమ్మలు, పూలు కావాలని లేఖ రాశారు. ఈ గౌను తెల్లటి నేల ఆ గిరాకీ వారసత్వమే. ఆకు ఈనెలు ఏడా తొమ్మిదా అన్నది మాత్రం అతని ఇష్టం.

కొత్త నమోదు

మ్యూజియం డేటాబేసులో "తయారైన చోటు" అన్న గడిలో ఒకే పేరు పడుతుంది, "తయారైన కాలం" గడిలో ఒకే తేదీ. ఈ గౌనుకు అది సరిపోదని క్యూరేటర్‌కు వివరించి, ఒకే సంఖ్య కింద నాలుగు విడి ఎంట్రీలు తెరిపించాము. అవి ఇప్పుడు ఇలా ఉన్నాయి. బట్ట: కోరమాండల్ తీరం, కలంతో గీసి, మైనంతో కాపాడి, చిరివేరు ఎరుపు, నీలిమందు వేసిన నూలు బట్ట, 18వ శతాబ్దం మధ్యకాలం. తొలి కుట్టు: ముందు తెరుపు ఉన్న, జాలరు చేతుల గౌను, 1750లు లేదా 1760లు. రెండవ కుట్టు: ముందు మూసిన గౌనుగా మార్పు, 1780లు. మూడవ కుట్టు: వేషం దుస్తుగా మార్పు, 1880లు, ఫోటో ఆధారం. కుటుంబ కథను తీసేయలేదు. "దాత కుటుంబంలో చెప్పుకునే మాట" అని, ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టుగా, దాని చోట దాన్ని ఉంచాము. 1785 నాటి పెళ్లి వివరం కూడా వంశక్రమం కింద ఉంది, గౌను తేదీ కింద లేదు. హుక్కులను, మిషను కుట్లను విప్పి గౌనును "అసలు" రూపానికి తేవాలన్న సూచన ఒకటి వచ్చింది. ఆ కుట్లూ గౌను చరిత్రలో భాగమేనని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను, సూచనను వదిలేశారు.

ప్రదర్శనలో గౌనును తిరగేసి చూపించలేము. అందుకని విచ్చుకున్న ఆ కుడి పక్క కుట్టు లోపలి భాగాన్ని పది రెట్లు పెద్దదిగా ఫోటో తీసి, గౌను పక్కన పెట్టాము. ఎడమ చివర పైన కనబడే నీలి ఆకు, కుడి చివర మడతలో దాగిన పచ్చని అర ఆకు, మధ్యలో కుట్టు గీత. ఫోటో తీశాక ఆ మడతను దాని పాత గుర్తు మీదే సర్ది, ఆమ్లం లేని పలచని కాగితం లోపల పెట్టి మూసేశాము.